గోడమీది తాతయ్యను దించేముందు

పండగకు గోడలకు రంగులు వేయించేటప్పుడు పటాలన్నీ కిందికి దిగుతాయి. వాటిలో తాతయ్యదో ముత్తవ్వదో పాత ఫోటో ఒకటి ఉంటుంది. అంచులు పసుపెక్కి, అట్ట మూల విరిగి, కింది భాగమంతా చెమ్మ మరకలతో ఉంటుంది. దీన్ని కాస్త బాగుచేయిద్దాం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. వెనక మేకులు ఊడబెరికి ప్లైవుడ్ ముక్క తీసేస్తారు. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. ఒక మూల గోటితో లేపి మెల్లగా లాగుతారు. కాగితం చేతిలోకి వస్తుంది. తాతయ్య మొహం అద్దం మీద ఉండిపోతుంది.

దశాబ్దాల పాటు ఎండనూ వాననూ తట్టుకుని నిలిచిన ఫోటో, ప్రేమతో చేసిన పనివల్ల అర నిమిషంలో పోవడం కంటే బాధాకరమైనది లేదు. పాత ఫోటో విషయంలో చేయాల్సిన పనులు రెండున్నాయి, వాటిని కలపకూడదు. అసలు ఫోటోకు జరుగుతున్న నష్టాన్ని ఆపాలి, అంతే. మరకలు తుడవడం, చిరుగులు అతకడం, రంగులద్దడం లాంటి ముచ్చట్లన్నీ నకలు మీద తీర్చుకోవాలి. ఎందుకలాగో తెలియాలంటే ఆ ఫోటో దేనితో తయారైందో ముందు తెలుసుకోవాలి.

గుడ్డు సొన, గట్టి అట్ట

పాత ఫోటోలను అట్టకు అంటించింది అందం కోసం మాత్రమే అనుకుంటాం. దాని వెనక పెద్ద అవసరమే ఉంది. 1850లో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ దెజిరే బ్లాంకార్ ఎవ్రార్ అనే ఆయన పల్చటి కాగితానికి గుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణాల్లో ముంచి, దానిమీద ఫోటో ముద్రించే పద్ధతి కనిపెట్టాడు. అదే ఆల్బుమెన్ ప్రింటు. బొమ్మలో సన్నని గీత కూడా స్పష్టంగా పడేది, మెరుపు వచ్చేది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా ప్రపంచమంతా ఎక్కువగా ఈ కాగితమే వాడింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దీన్ని తయారుచేసే ఒకే ఒక్క కంపెనీ 1888లో వాడిన గుడ్లు అరవై లక్షల పైచిలుకు!

చిక్కేమిటంటే ఆ కాగితం ఉల్లిపొరంత పల్చన. పైనున్న సొన పొర ఆరేకొద్దీ బిగుసుకుని కాగితం చుట్ట చుట్టుకుపోతుంది. అందుకని ప్రతి ప్రింటునూ గంజి జిగురుతో గట్టి అట్టకు అంటించక తప్పేది కాదు. 1854లో పారిస్‌లో దిస్దేరీ అనే ఫోటోగ్రాఫర్ అరచేతిలో ఇమిడే కార్డు ఫోటోకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత పదేళ్లకు పైగా గడిచాక, నాలుగంగుళాల పైచిలుకు వెడల్పూ ఆరున్నర అంగుళాల ఎత్తూ ఉన్న క్యాబినెట్ కార్డు వచ్చింది. మన పాత ఇళ్లలో దొరికే అట్ట ఫోటోలు ఎక్కువగా ఈ వంశానికి చెందినవే. అట్ట కింద బంగారు అక్షరాల్లోనో, ఉబ్బెత్తు ముద్రగానో స్టూడియో పేరు, ఊరి పేరు ఉంటాయి.

తెలుగు నేలమీద ఆ అక్షరాల్లో అన్నిటికంటే పేరున్నది లాలా దీన్‌దయాళ్‌ది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి ఆయన. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఇంగ్లిషు మహిళకు అప్పగించాడు. 1905లో ఆయన పోయాక గాజు నెగెటివ్‌లు కుటుంబం దగ్గర ఉండిపోయాయి. వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. వారసులు ఎనభై ఏళ్లకు పైగా ఆ గాజు పలకలను బయట పారేయకుండా ఉంచబట్టే ఆనాటి హైదరాబాద్‌ను ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

ఆల్బుమెన్ తర్వాత, గుడ్డు సొనకు బదులు జెలటిన్ పూసిన కాగితాల యుగం వచ్చింది. మన తాతల పెళ్లి ఫోటోలు, మిలిటరీకి వెళ్లేముందు దిగిన ఫోటోలు చాలావరకు జెలటిన్‌వే. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవడానికి భూతద్దం చాలు. బొమ్మ లోంచి కాగితం నార పోగులు కనిపిస్తుంటే, మొత్తం గోధుమ ఛాయలో ఉండి తెల్లగా ఉండాల్సిన చోట పసుపెక్కి ఉంటే అది ఆల్బుమెన్ కావచ్చు. నార కనిపించకుండా నున్నగా ఉండి, నలుపూ బూడిదా ఛాయల్లో ఉంటే జెలటిన్ కావచ్చు. జెలటిన్ ఫోటోను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే నల్లని చోట్ల, ముఖ్యంగా అంచుల వెంబడి, అద్దంలా నీలివెండి మెరుపు కనబడుతుంది. బొమ్మలోని వెండే కణాలుగా విడిపోయి పైకి తేలి మళ్లీ గడ్డకట్టడం వల్ల వచ్చే మెరుపది. మురికనుకుని చాలామంది గుడ్డతో రుద్దేస్తారు. అలా రుద్దినప్పుడు ఊడిపోయేది బొమ్మే.

ఆల్బుమెన్ పసుపెక్కడం వేరే సంగతి. గుడ్డు సొనలోని ప్రోటీనుకూ, అందులోనే సహజంగా ఉండే కొద్దిపాటి గ్లూకోజుకూ మధ్య ఏళ్ల తరబడి జరిగే చర్య అది. ఏ ద్రావణంతో కడిగినా పోదు. పోగొడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

గోడ, దండ, దీపం

ఇంత సున్నితమైన వస్తువును మనం ఎలా ఉంచుతామో చూడండి. మనిషి పోయాక ఫోటోకు పటం కట్టిస్తాం. అద్దం నేరుగా బొమ్మకు ఆనేలా పెడతారు, మధ్యలో గాలికి చోటు ఉండదు. వెనక అట్టకు దన్నుగా పాత వార్తాపత్రిక మడత, దానిమీద ప్లైవుడ్. ఆ పటాన్ని వీధి గోడకో వంటింటి గోడకో తగిలిస్తాం. వానాకాలంలో ఆ గోడ చెమ్మ పీల్చి, వెనక కాగితానికి అందిస్తుంది. జెలటిన్ తడి తగిలితే ఉబ్బి జిగటగా మారే పదార్థం. ఉబ్బి అద్దానికి అంటుకుంటుంది, వేసవిలో ఎండి బిగుస్తుంది. ఇలా కొన్నేళ్లు గడిస్తే అద్దమూ బొమ్మా ఒకటైపోతాయి.

అద్దానికి బొట్టు పెట్టడంలో తప్పు లేదు. పండగనాడు తడిగుడ్డతో అద్దం తుడిచినప్పుడు మాత్రం నీళ్లు కిందికి జారి, ఫ్రేము గాడిలో చేరి, అక్కణ్ణుంచి కాగితంలోకి ఎక్కుతాయి. పూలదండ తడీ అంతే. చాలా ఇళ్లలో పటాల కింది అంచే ముందు పాడవడానికి కారణం ఇదే. దీపం మసి, అగరొత్తి పొగ పై అంచు సందుల్లోంచి లోపలికి చేరతాయి.

అట్ట సంగతి మరీ అన్యాయం. ఆనాటి స్టూడియో కార్డుల్లో చాలావాటికి పైనా కిందా మంచి కాగితం పొర, మధ్యలో చవకైన కొయ్యగుజ్జు. ఆ గుజ్జులోని లిగ్నిన్ ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లంగా మారుతుంది. అట్ట గోధుమరంగుకు తిరిగి అప్పడంలా పెళుసవుతుంది. విరిగినప్పుడు పైన అంటించిన ఫోటో కూడా అదే గీత వెంబడి చీలుతుంది. అందుకే అట్ట ఫోటోను ఒక అంచు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు. దానికంటే పెద్దదైన గట్టి అట్టముక్కను కిందికి జొనిపి, పళ్లెం పట్టుకున్నట్టు రెండు చేతులా మోయాలి.

జిగురు సంగతి పురుగులకు బాగా తెలుసు. గంజి, మైదా, జెలటిన్ ఇవన్నీ వాటికి తిండే. పాత పుస్తకాల్లో పరుగెత్తే వెండిరంగు పురుగు బొమ్మ పైపొరను గీకి తింటుంది, చెదలు వెనకనుంచి అట్టను తింటాయి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలపడం బైండింగ్ పనిలో ఉన్న అలవాటు. పుస్తకం అట్టకు అది సరిపోతుందేమో, ఫోటో దరిదాపులకు మాత్రం రానివ్వొద్దు.

చేయి పెట్టేముందు

పటం విప్పకముందే, ఉన్నది ఉన్నట్టుగా ముందూ వెనకా ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. తర్వాత ఏం జరిగినా ఆ రూపం మీ దగ్గర ఉంటుంది. బల్లమీద మెత్తని శుభ్రమైన గుడ్డ పరిచి, అద్దం కిందికి వచ్చేలా బోర్లించి, వెనక మేకులు ఒక్కొక్కటే తీయండి. ప్లైవుడ్, కాగితాలు తీశాక అట్ట తనంతట తాను కదులుతుంటే సరే. కదలకపోతే అక్కడితో ఆగిపోండి. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీదుగానే స్కాన్ చేయించండి. నీళ్లలో నానబెడితే వస్తుందని, ఆవిరి పడితే వస్తుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది నిపుణుల పని. వాళ్లు కూడా అన్ని ఫోటోలనూ విడదీయలేరు.

దుమ్ము దులపడానికి పొడిగా ఉన్న మెత్తని కుంచె ఒక్కటి చాలు. బొమ్మ మధ్యలోంచి అంచుల వైపు, ఒత్తకుండా. పైపొర పెచ్చులు లేస్తున్న చోట కుంచె కూడా పెట్టకండి. తడి దూది, స్పిరిట్, అద్దాలు తుడిచే ద్రావణం, ఉమ్మి తడి చేసిన వేలు, ఏదీ వద్దు. బూజు పట్టి ఉంటే ముందు మిగతా ఫోటోలకు దూరంగా, గాలి ఆడే చోట నీడన ఆరనివ్వండి. తడిగా ఉన్న బూజును ముట్టుకుంటే బొమ్మలోకి ఇంకుతుంది. పొడిగా మారాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట కుంచెతో దులపండి. ఊడిపోయిన ముక్క ఎంత చిన్నదైనా పారేయకండి. ఒక కవరులో వేసి ఫోటోతో పాటే ఉంచండి. అది తిరిగి తన చోటికి చేరే రోజు రావచ్చు.

పాత ఫోటోలకు సెల్లోటేపు చేసినంత హాని మరే వస్తువూ చేయలేదని నా అభిప్రాయం. చిరుగు కనబడగానే వెనకో ముందో టేపు వేస్తాం. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు చారగా మిగులుతుంది. లామినేషన్ మరీ దారుణం. వేడిమీద కరిగిన ప్లాస్టిక్ బొమ్మకు అతుక్కున్నాక వెనక్కి వచ్చే దారే లేదు. ఒకప్పుడు ఇంటింటా కొన్న జిగురు పేజీల ఆల్బమ్‌లూ ఇదే కోవలోవి. వాటిలో ఫోటోలు ఇంకా తేలిగ్గా వస్తుంటే ఇప్పుడే తీసేయండి.

నిపుణులు ఎలా చేస్తారో చూస్తే మన తొందరపాటు తెలుస్తుంది. విరిగిన అట్టకు వెనకనుంచి దన్ను కడతారు. చిరుగులను సన్నని జపాన్ కాగితం పేలికలతో, శుద్ధిచేసిన గోధుమ గంజితో అతుకుతారు. ఆ అతుకు రేపు కొద్దిపాటి తడితో ఊడివచ్చేలా ఉండాలన్నది వాళ్ల నియమం. ఊడిపోయిన చోట పూరించిన కొత్త కాగితం మీదే రంగు వేస్తారు తప్ప పాత బొమ్మ మీద చుక్క కూడా పెట్టరు. అట్ట మరీ విషమంగా ఉంటే ఫోటోను బోర్లించి, వెనకనుంచి అట్టను పొర తర్వాత పొరగా కత్తితో చెక్కి తీస్తారు. అలా తీసినా స్టూడియో పేరున్న పొరను జాగ్రత్త చేస్తారు. ఫోటో ఏ ఊళ్లో, ఏ కాలంలో తీశారో చెప్పగలిగే సాక్ష్యం చాలాసార్లు ఆ పేరొక్కటే. అంచులు నలిగాయని అట్టను కత్తెరతో కత్తిరించి చిన్న ఫ్రేములో బిగించేవాళ్లు ఆ సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేస్తున్నట్టే.

దాచే చోటు గురించి: అటక మీద వేడి, మంచం కింది ట్రంకు పెట్టెలో నేల చెమ్మ. ఇంటి లోపలి గోడకు ఆనుకున్న ఇనుప బీరువాలో మధ్య అర మంచిది. ఆమ్లం లేని కాగితంలో మడిచి, ఫోటోలను నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. ప్లాస్టిక్ కవరు కావాలంటే పాలియెస్టర్‌ది తీసుకోండి. వాసన వచ్చే పీవీసీ కవర్లు ఆమ్లం వదులుతాయి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండటం మేలు. 65 దాటి అలాగే నిలిచిపోతే బూజు మొదలవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఇంట్లో ఈ లెక్క నిలబెట్టడం కష్టం. సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ, నెలకోసారి తెరిచి చూస్తుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. కలరా ఉండలు మాత్రం ఫోటోల పెట్టెలో వేయకండి.

నీళ్లలో మునిగితే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. ఇలాంటప్పుడు పెట్టెల్లో, బీరువాల్లో ఉన్న ఆల్బమ్‌లు ముద్దలవుతాయి. ముద్దగా ఉన్న ఫోటోలను అలాగే ఆరనిస్తే రాయిలా బిగుసుకుపోతాయి. ఇంకా తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి ఒక్కొక్కటీ విడదీయాలి. బొమ్మ వైపు వేలు పెట్టకుండా మురికి వదిలించి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డమీద నీడన ఆరబెట్టాలి. ఈ పని రెండు రోజుల్లోపు జరగాలి. అన్ని ఫోటోలకు అంత తీరిక లేకపోతే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో ఉంచితే ఆ నష్టం అక్కడికి ఆగుతుంది. గాజు పలకలను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు. పాత అట్ట ఫోటోలు ఎక్కువసేపు నీళ్లలో ఉండలేవు, ముందుగా వాటినే బయటకు తీయండి. 2011 సునామీ తర్వాత జపాన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు బురదలో దొరికిన కుటుంబ ఫోటోలను ఇలాగే ఒక్కొక్కటిగా కడిగి, సొంతదారులను వెతికి ఇచ్చారు. ఇల్లూ సామానూ పోయినవాళ్లు ఆ ఫోటోల కోసం వచ్చి వరుసల్లో వెతుక్కున్నారు. మన దగ్గర వరద సహాయక చర్యల్లో ఈ పనికి కూడా చోటుండాలి.

నకలుకు ఎంత మరమ్మతైనా

ఇక బాగుచేయడం. చదునుగా ఉన్న ఫోటో అయితే ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించండి. దాన్ని రెండింతలు పెద్దదిగా ముద్రించినా స్పష్టత తగ్గదు. అరచేతి కార్డు అయితే 1200. నలుపు తెలుపు ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయమనండి, ఏది మరకో ఏది బొమ్మో తేల్చడానికి ఆ ఛాయలే దారి చూపుతాయి. అట్ట అంచులతో సహా పూర్తిగా, వెనక వైపు కూడా తీయించండి. వంగిపోయిన అట్టను స్కానర్ మూత కింద అణచకండి. బల్లమీద పెట్టి, రెండు పక్కలనుంచీ ఏటవాలు వెలుతురు ఇచ్చి, నిలువుగా పైనుంచి కెమెరాతో తీయవచ్చు. ఆ మొదటి ఫైలును టిఫ్ రూపంలో భద్రం చేసి, దాన్ని ఎప్పుడూ దిద్దకండి. దిద్దడానికి ఇంకో ప్రతి చేసుకోండి. రెండు వేర్వేరు చోట్ల, కనీసం ఒకటి వేరే ఇంట్లో, దాచండి.

ఇవాళ ఫోన్‌లో ఒక్క నొక్కుతో మసకబారిన మొహాన్ని తళతళలాడించే కృత్రిమ మేధ సాధనాలున్నాయి. వాటిమీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గీతలు, దుమ్ము చుక్కలు తొలగించడం వరకు అవి బాగానే పనికొస్తాయి. మొహం దగ్గరికి వచ్చేసరికి అవి లేనిదాన్ని కల్పిస్తాయి. లక్షల మొహాలు చూసి నేర్చుకున్న ఆ యంత్రం, చెరిగిపోయిన కన్ను ఉన్నచోట ఎవరిదో ఒక సగటు కన్ను పెడుతుంది. మశూచి మచ్చలు మాయమవుతాయి. ముక్కుపుడక మరకగా మారుతుంది. చీరకు యంత్రానికి తోచిన రంగు వస్తుంది. పదేళ్లు పోయాక ఇంట్లో పిల్లలు ఆ మొహమే తాతమ్మది అనుకుంటారు. సరదాకు చేయించుకుంటే చేయించుకోండి, కానీ దాని కింద 'యంత్రం కల్పించినది' అని రాసిపెట్టండి. దిద్దే పని తెలిసిన స్టూడియో కుర్రాడికి ఇచ్చినా ముందే చెప్పండి: 'బాబూ, గీతలు తీసెయ్, మొహం మాత్రం ముట్టుకోకు' అని. పాత ప్రింటు అచ్చువేసేటప్పుడు నెగెటివ్ తిరగబడి కుడి ఎడమలు మారిన సందర్భాలూ ఉంటాయి. పైట ఏ భుజం మీద ఉందో, చొక్కా గుండీలు ఎటున్నాయో చూసుకుంటే తెలిసిపోతుంది.

గోడకు తగిలించాల్సింది ఈ నకలునే. దండ వేసుకోండి, బొట్టు పెట్టుకోండి, దీపం వెలిగించుకోండి. పాడైతే ఇంకోటి ముద్రించుకోవచ్చు.

ఎవరీ చివర నిలబడ్డది?

చెదలకంటే వేగంగా ఫోటోను తినేసేది మరుపు. గ్రూప్ ఫోటోలో పధ్నాలుగు మంది ఉంటారు, ఇంట్లో పేర్లు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలి ఉంటారు. నకలు పెద్దదిగా ముద్రించి పెద్దమ్మ ముందు పెట్టండి. 'ఈ చివర నిలబడ్డది ఎవరు పెద్దమ్మా?' అని అడగండి. ఒక పేరుతో మొదలై, ఆ కోటు ఎవరిదగ్గర అరువు తెచ్చారో, ఆ రోజు స్టూడియోకు ఏ బండిలో వెళ్లారో, ఆ చంటిపిల్ల తర్వాత ఏమైందో, అన్నీ వస్తాయి. ఫోన్‌లో రికార్డు చేయండి. పేర్లు, ఊరు, చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి కవరు మీద పెట్టండి. ఫోటో వెనక రాయక తప్పకపోతే మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తకుండా. బాల్‌పెన్ను గాడి ముందువైపు ఉబ్బుతుంది, స్కెచ్‌పెన్ను సిరా ఇంకి బయటికి వస్తుంది.

నిజంగా విలువైన ఫోటో అయితే, విరిగి ముక్కలై ఉంటే, దాన్ని కాగితపు సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి సంరక్షణ ప్రయోగశాల ఉంది. లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణకు జాతీయ పరిశోధనాలయం ఉంది. ఇన్‌టాక్ సంస్థకు దేశంలో సంరక్షణ కేంద్రాలున్నాయి. వస్తువు ఇచ్చేముందు సలహా అడగండి, వాళ్లు ఏం చేయబోతున్నారో రాతపూర్వకంగా తీసుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లలో ఇలాంటి ఫోటోలుండగా, మామూలు కుటుంబం పటం చేతపట్టుకుని వెళ్లి చూపించుకోగలిగే చోటు జిల్లాకొకటైనా ఉండాలి. గ్రంథాలయాల్లో స్కానరు, ఒక శిక్షణ పొందిన మనిషి ఉంటే చాలు, పని మొదలవుతుంది.

చివరగా పాత స్టూడియోల మాట. ఫిల్మ్ కాలం ముగిసి చాలా ఊళ్లలో అవి మూతపడ్డాయి, మిగిలినవీ పడుతున్నాయి. దుకాణం ఖాళీ చేసే రోజున నెగెటివ్ డబ్బాలు పాత సామాన్లవాడి తక్కెడలోకి వెళ్తాయి. ఒక ఊరి పెళ్లిళ్లు, బడి గ్రూపులు, నాటక సమాజాలు అన్నీ ఆ డబ్బాల్లోనే ఉంటాయి. మీ ఊళ్లో అలాంటి స్టూడియో ఉంటే ఈ వారమే వెళ్లి యజమానిని కలవండి. నెగెటివ్‌లు ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటే, పారేయొద్దని చెప్పి, దాచడానికి ఒక చోటు చూపించండి.